అన్నీ గ్యాసులే, కానీ ఒకదాని పొయ్యి ఇంకొకదానికి పనికిరాదు

ప్రశ్న: సార్, మాది దేవరకొండ. నేనూ మా ఆయనా చిన్న టిఫిన్ సెంటర్ నడుపుకుంటున్నాం. మా పెద్దోడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాడు. మొన్న కొత్త ఫ్లాట్‌లోకి మారాడు. అక్కడ గ్యాస్ బండ లేదు, పైపు గ్యాస్ వస్తుంది. మళ్లీ స్టవ్ కొనడం ఎందుకని మా ఇంట్లో ఉన్న రెండు బర్నర్ల స్టవ్ వాడికి పంపించాను. కొని ఆరు నెలలు కూడా కాలేదు. తెలిసిన పిల్లవాడెవరో పైపు తగిలించి పోయాడట. మంట సన్నగా వస్తోంది, కుక్కర్ విజిల్ ఎంతకీ రావడం లేదు, పైపు గ్యాస్‌లో దమ్ము లేదమ్మా అంటున్నాడు. మా మరిది నల్లగొండలో సీఎన్‌జీ ఆటో నడుపుతాడు. బంకులో లైన్ కట్టే బదులు ఇంటి బండలోంచి ఎక్కించుకుంటే అయిపోదా వదినా, అదీ గ్యాసే ఇదీ గ్యాసే కదా అంటాడు. అచ్చంపేట దగ్గర మా పుట్టింట్లో గోబర్ గ్యాస్ తొట్టి ఉంది. నాయన పోయాక మూలపడింది. తమ్ముడు దాన్ని మళ్లీ నడిపిస్తానంటూ, మామూలు స్టవ్ పెట్టొచ్చా అని అడుగుతున్నాడు. ఇక నా సంగతి. చలికాలంలో తెల్లవారుజామున నాలుగింటికి భట్టీ వెలిగిస్తే ఏడయ్యేసరికి బండ కింది భాగం మీద మంచు పేరుకుని మంట తగ్గిపోతుంది. పనిచేసే పిల్లవాడు బండ మీద వేడినీళ్లు పోస్తాడు, ఒక్కోసారి దాన్ని అడ్డంగా పడుకోబెడతాడు. నాకేమో టెన్షన్. ఇంకొకటి, మా ఇంటి వంటగది గోడకు నేల దగ్గర ఒక కన్నం ఉంది. పందికొక్కులు వస్తున్నాయని పిండి డబ్బా అడ్డం పెట్టాను. పైన కిటికీ ఉంది కదా, చాలదా? అన్నీ గ్యాసులే అయినప్పుడు ఇన్ని తేడాలు ఎందుకు సార్? వీటిలో ఏది ఎక్కువ ప్రమాదం?

సమాధానం: చెల్లెమ్మా, మీ ఉత్తరం చదివి ముందు రెండు పనులు చేయమని అడుగుతున్నాను. మీ మరిదికి ఫోన్ చేసి ఆ ఆలోచన పూర్తిగా మానుకోమనండి. మీ పెద్దోడికి ఫోన్ చేసి, గ్యాస్ కంపెనీ మనిషి వచ్చి చూసేదాకా ఆ స్టవ్ వెలిగించొద్దని చెప్పండి. ఆ రెండూ చేసి వచ్చి మిగతాది తీరిగ్గా చదవండి.

మీరు టిఫిన్ సెంటర్ నడిపే మనిషి కాబట్టి ఇలా చెబుతాను. పల్లినూనె నూనే, కిరోసిన్ నూనే, ఆటో ఇంజన్‌లో పోసేదీ నూనే. మిర్చి బజ్జీలు దేంట్లో వేయాలో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. గ్యాస్ అనే మాట కూడా అంతే. ఆ ఒక్క మాట కింద రకరకాల పదార్థాలున్నాయి. నూనె కంటికి కనిపిస్తుంది, ముక్కుకు తెలుస్తుంది కాబట్టి తేడా పట్టుకుంటాం. గ్యాస్ కనిపించదు కాబట్టి అన్నీ ఒకటే అనుకుంటాం.

ఇవన్నీ కర్బనం, హైడ్రోజన్ కలిసి పుట్టినవే. ఒక కర్బనం ఉంటే మీథేన్, రెండుంటే ఈథేన్, మూడుంటే ప్రొపేన్, నాలుగుంటే బ్యూటేన్. ఇంకా పెరుగుతూ పోతే గ్యాస్ కాస్తా పెట్రోల్, డీజిల్ అవుతుంది. కర్బనాలు పెరిగేకొద్దీ బరువు పెరుగుతుంది, ద్రవంగా మారడం తేలికవుతుంది. మీథేన్ సున్నాకు 162 డిగ్రీలు కిందికి చల్లబడితే గానీ ద్రవం కాదు. ప్రొపేన్‌కు మైనస్ 42 చాలు. బ్యూటేన్ అయితే దాదాపు సున్నా డిగ్రీల దగ్గరే ద్రవమైపోతుంది. నలభై మంది పిల్లలున్న క్లాసులో చాక్‌పీసుతో ఈ నాలుగు పేర్లు ఎన్నేళ్లు రాశానో లెక్కలేదు. కానీ ఇంట్లో పొయ్యి దగ్గర వాటి అవసరం ఎంతో మీ ఉత్తరం చూశాక ఇంకా బాగా అర్థమైంది.

ఇప్పుడు మీ కుటుంబంలోని గ్యాసులను ఈ వరసలో నిలబెడదాం. మీ పెద్దోడి పైపు గ్యాస్ దాదాపు అంతా మీథేనే. మీ మరిది ఆటోలో సీఎన్‌జీ అదే మీథేన్‌ను గట్టిగా కుదించి నింపింది. మీ నాయన తొట్టిలో పేడ నుంచి పుట్టిందీ మీథేనే, కాకపోతే సగం దాకా ఇతర వాయువులు కలిసి ఉంటాయి. ఈ మూడూ ఒక ఇంటివి. మీ ఇంట్లో ఎర్ర బండ, టిఫిన్ సెంటర్‌లో పెద్ద బండ మాత్రం వేరే ఇంటివి. వాటిలో ఉన్నది ప్రొపేన్, బ్యూటేన్ కలిపిన ఎల్పీజీ. అంటే మీ మరిది ‘అదీ ఇదీ ఒకటే’ అన్న మాట మీ పెద్దోడి పైపుకూ అతని ఆటోకూ అయితే కొంత నిజం. ఇంటి బండకూ ఆటోకూ అస్సలు కాదు.

ఎల్పీజీ సంగతి కళ్లారా చూడాలంటే పాన్ డబ్బాలో దొరికే, లోపలికి కనిపించే లైటర్ ఒకటి వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. లోపల నీళ్లలాంటిది తొణుకుతూ ఉంటుంది. అది బ్యూటేన్. మీట నొక్కగానే పైకి గ్యాస్‌గా వస్తుంది. మీట వదిలితే లోపల మళ్లీ ద్రవంగానే ఉంటుంది. ఒక ప్లాస్టిక్ డబ్బా పట్టి ఉంచగలిగేంత ఒత్తిడి చాలు దానికి. మీ బండను ఊపినప్పుడు లోపల గుడగుడమనేది ఇలాంటి ద్రవమే. 14.2 కిలోల ఎల్పీజీ అంత చిన్న బండలో ఒదిగిందంటే ద్రవంగా మారబట్టే. ఒక లీటరు ద్రవం బయటికి వస్తే దాదాపు 250 లీటర్ల గ్యాస్ అవుతుంది.

మీథేన్ అలా లొంగదు. మన ఊళ్ల ఎండలో కాదు, ఫ్రిజ్‌లో పెట్టినా, ఎంత నొక్కినా ద్రవం కాదు. మైనస్ 82 డిగ్రీల కంటే కిందికి చల్లబరిస్తేనే ఒత్తిడికి లొంగుతుంది. అందుకే ఆటోలో దాన్ని గ్యాస్‌గానే 200 బార్ల ఒత్తిడితో కుక్కి నింపుతారు. ఆటో టైరులో గాలి 2 బార్లు ఉంటుంది అనుకుంటే, దానికి వంద రెట్లు. ఇంటి బండలో నీడన ఉన్నప్పుడు ఎండాకాలంలోనూ 10 బార్ల లోపే ఉంటుంది. దాన్ని పరీక్షించేది కూడా దాదాపు 25 బార్ల దగ్గర. రెండింటి ఇనుము మందం, వాల్వు, పైపు అన్నీ ఆ లెక్కకు తగ్గట్టే తయారవుతాయి.

సీఎన్‌జీ కిట్ ఎక్కువ ఒత్తిడిలో వచ్చే తేలికపాటి మీథేన్‌ను ఇంజన్‌కు అందించడానికి చేసింది. అందులోకి ద్రవ ఎల్పీజీ పోతే కిట్ పాడవడం ఒక్కటే కాదు, మధ్యలో ఎక్కడ లీకైనా ఆటోలో కూర్చున్న పిల్లలకు ప్రమాదం. బండలోంచి ఎక్కించేటప్పుడు వాడే ట్యూబులు, చిన్న మోటార్లు నిప్పురవ్వ పుట్టించేవే. ఇంటి బండను వాహనానికి వాడటం చట్టరీత్యా కూడా నేరం, 2000 నాటి ఎల్పీజీ సరఫరా ఉత్తర్వు దాన్ని నిషేధించింది. ఎల్పీజీతో నడిచే ఆటోలు ఉన్న మాట నిజమే. వాటికి వేరే ట్యాంకు, వేరే కిట్, వేరే బంకు. మరిదికి లైన్‌లో నిలబడటం కష్టంగానే ఉంటుంది, నాకు తెలుసు. అయినా నిలబడమనండి.

ఇక పెద్దోడి స్టవ్. పైపు గ్యాస్‌లో దమ్ము లేకపోవడం కాదు, స్టవ్ దానిది కాదు. బర్నర్ కిందికి చూస్తే ఇత్తడి ముక్క ఒకటి ఉంటుంది, మధ్యలో సూది మొనంత రంధ్రం. దాన్ని నాజిల్ అనో జెట్ అనో అంటారు. మొత్తం స్టవ్‌లో అసలు లెక్క ఆ రంధ్రంలో ఉంది. ఒక ఘనపు మీటరు ఎల్పీజీ ఆవిరి ఇచ్చే వేడిలో మీథేన్ ఇచ్చేది మూడో వంతు మాత్రమే. మీథేన్ తేలిక కాబట్టి అదే రంధ్రంలోంచి కొంచెం వేగంగా వస్తుంది, ఆ మేరకు లోటు తగ్గుతుంది. కానీ పైపు గ్యాస్ ఇంట్లోకి వచ్చే ఒత్తిడి కూడా తక్కువే. బండ రెగ్యులేటర్ 30 మిల్లీబార్లు ఇస్తే పైపు లైను దాదాపు 21 ఇస్తుంది. అన్నీ కలిపి చూస్తే మీ స్టవ్ మీద ఆ గ్యాస్ సగం వేడే ఇస్తుంది. కుక్కర్ విజిల్ ఆలస్యమైంది అందుకే.

పైపు గ్యాస్‌కు పెద్ద రంధ్రం ఉన్న జెట్లు వేయాలి. ఆ పని గ్యాస్ సరఫరా చేసే కంపెనీ టెక్నీషియన్ చేస్తాడు, హైదరాబాద్‌లో భాగ్యనగర్ గ్యాస్ లాంటి సంస్థల మనుషులకు అది రోజువారీ పని. పైపూ, బిగింపులూ కూడా వాళ్లే చూడాలి. ‘తెలిసిన పిల్లవాడు’ తగిలించిన జాయింటును ఇంకో గంట కూడా నమ్మొద్దు. కొందరు పిన్నుతో, సన్నని డ్రిల్లుతో అదే జెట్‌ను పెద్దది చేస్తారు. రంధ్రం గుండ్రంగా ఉండదు, గాలి సరిగా కలవదు, మంట పసుపుపచ్చగా వచ్చి విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దయచేసి అలా చేయనివ్వొద్దు. ఆ స్టవ్ మోడల్‌కు పైపు గ్యాస్ జెట్లు లేవంటే మాత్రం కొత్తది కొనుక్కోమనండి, డబ్బులు పోయాయని బాధపడకండి.

జెట్లు మార్చాక సరిగ్గా ఉందో లేదో మీరే చెప్పగలరు. మీకు జొన్నరొట్టె మంట తెలుసు కదా. పెంకం కింద మంట నీలంగా, కుదురుగా, బర్నర్‌కు అంటుకుని ఉండాలి. కొసలు పచ్చగా లేస్తే గాలి చాలడం లేదు, గిన్నెలు మసి పడతాయి. మంట బర్నర్ మీంచి ఎగిరి ఎగిరి పడుతుంటే గాలి ఎక్కువైంది. టప్ మని వెనక్కి పోయి లోపల మండితే అదీ తప్పే. పైగా ఒకటి గుర్తుపెట్టుకోండి: రేపు వాడు ఆ స్టవ్ తిరిగి దేవరకొండ తెస్తే జెట్లు మళ్లీ మార్చాలి. పెద్ద రంధ్రం ఉన్న స్టవ్‌కు బండ తగిలిస్తే సన్నని మంట కాదు, చెయ్యెత్తు పచ్చమంట లేస్తుంది. రెండు తప్పుల్లో ఇదే ఘోరమైనది.

పైపు గ్యాస్ బిల్లు చూసి ఎక్కువా తక్కువా అని వాడు అడుగుతాడు కాబట్టి ఆ లెక్క కూడా రాస్తున్నాను. మీ 14.2 కిలోల బండ ఇచ్చే వేడికి సమానం పైపు గ్యాస్‌లో సుమారు 18 ఘనపు మీటర్లు. బిల్లులో యూనిట్ అంటే ఘనపు మీటరే. 18 యూనిట్ల ధరను బండ ధరతో పోల్చి చూసుకోమనండి.

మీ పుట్టింటి గోబర్ గ్యాస్ గురించి రాయడం నాకు ఇష్టమైన పని. 1980లలో పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఆ తొట్లు కడుతుంటే చూశాను. ఇనుప డ్రమ్ము పొద్దున్నే పైకి లేచి, వంట అయ్యేసరికి మెల్లగా కిందికి దిగేది. దాన్ని చూసి ఎంత గ్యాస్ ఉందో ఆడవాళ్లు చెప్పేసేవాళ్లు. ఆ గ్యాస్‌లో మీథేన్ 55 నుంచి 60 శాతం, మిగిలినది ఎక్కువగా బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్. అది మండదు, పైగా మంటను నెమ్మదిస్తుంది. ఒత్తిడి కూడా చాలా తక్కువ. కాబట్టి బండ స్టవ్ దానికి పనికిరాదు, పెద్ద జెట్, పెద్ద బర్నర్ ఉన్న గోబర్ గ్యాస్ పొయ్యి వేరే దొరుకుతుంది, అదే పెట్టమనండి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే అది హైడ్రోజన్ సల్ఫైడ్. ఇనుప పైపును, బర్నర్‌ను తినేస్తుంది, అందుకే పాత పొయ్యి తుప్పు పట్టి ఉంటుంది.

ఒక ఘనపు మీటరు గ్యాస్ కావాలంటే రోజుకు దాదాపు 25 కిలోల పేడ, అంతే నీళ్లు. రెండు ఘనపు మీటర్ల తొట్టి అంటే నాలుగైదు పశువులు ఉండాలి. ఒక ఘనపు మీటరు గోబర్ గ్యాస్ అరకిలో కంటే కొంచెం తక్కువ ఎల్పీజీతో సమానం. తమ్ముడి దగ్గర అన్ని గొడ్లు ఉంటే నలుగురైదుగురి వంటకు ఢోకా లేదు. పశువులు రెండే ఉంటే ఇంత శ్రమ పడొద్దని నా సలహా.

ఇక్కడ మాత్రం మీరు గట్టిగా చెప్పాలి: ఆ పాత తొట్టిలోకి ఎవరినీ దిగనివ్వొద్దు. ఏళ్ల తరబడి మూతపడ్డ గుంతలో అడుగున పేడ ఇంకా కుళ్లుతూ ఉంటుంది. పైన కొద్దిగా మీథేన్, కింద బొగ్గుపులుసు వాయువు, సల్ఫైడ్ వాయువు, ఆక్సిజన్ చాలదు. దిగిన మనిషి కేక వేసే లోపే పడిపోతాడు, కాపాడబోయి రెండో మనిషి కూడా పడిపోతాడు. బయటి నుంచి తోడించండి, లేదా అలాంటి పని తెలిసినవాళ్లను పిలవండి. మళ్లీ నింపాక మొదట వచ్చే గ్యాస్‌లో గాలి కలిసి ఉంటుంది, దాన్ని వెలిగించకుండా ఒకటి రెండుసార్లు వదిలేయాలి. తొట్టి దగ్గర అగ్గిపుల్ల గీసి చూడటం అసలే వద్దు. ఇంకో మాట, ఇదే గోబర్ గ్యాస్‌లోంచి బొగ్గుపులుసు వాయువును తీసేసి మీథేన్ 90 శాతం దాటేలా శుద్ధి చేస్తే సీబీజీ, అంటే కుదించిన బయోగ్యాస్ అవుతుంది. 2018 నుంచి కేంద్రం సతత్ పథకం కింద దాన్ని ప్రోత్సహిస్తోంది. ఆ గ్యాస్ మీ మరిది ఆటోలో నడుస్తుంది. కానీ ఆ శుద్ధి పెద్ద ప్లాంటులో జరిగే పని, పెరట్లో కాదు.

ఇప్పుడు మీ భట్టీ. ఎండాకాలంలో కుండ బయటి వైపు చెమ్మ ఆరుతూ లోపలి నీళ్లను చల్లబరుస్తుంది కదా, బండలోనూ అదే జరుగుతుంది. లోపలి ద్రవం ఆవిరి అయ్యేటప్పుడు వేడి కావాలి. ఆ వేడిని చుట్టూ ఉన్న ఇనుము నుంచి, బయటి గాలి నుంచి తీసుకుంటుంది. ఇంట్లో చిన్న మంటకు గాలి ఇచ్చే వేడి సరిపోతుంది. మీ భట్టీ మూడు గంటలు ఆపకుండా లాగుతుంటే సరిపోదు. బండ చల్లబడి బయట గాలిలోని తేమ మంచుగా పేరుకుంటుంది. ఎంత వరకు మంచు ఉంటే అంత వరకు లోపల ద్రవం ఉందని అర్థం. చల్లబడ్డ కొద్దీ లోపలి ఒత్తిడి పడిపోతుంది, మంట తగ్గుతుంది. పైగా మిశ్రమంలో ప్రొపేన్ తేలిగ్గా ముందే పోతుంది, చివరికి బ్యూటేన్ మిగులుతుంది. అందుకే సగం దాటాక మంట మరీ నీరసిస్తుంది.

వేడినీళ్లు పోయొద్దు. బండ ఎక్కడ ఎంత వేడెక్కిందో కంటికి తెలియదు, ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. పడుకోబెట్టడం ఇంకా ప్రమాదం. నిలబడి ఉన్నప్పుడు వాల్వు దగ్గర ఆవిరి ఉంటుంది. పడుకోబెడితే వాల్వు దగ్గరకు ద్రవం వస్తుంది. ఆవిరి రావాల్సిన పైపులోకి ద్రవం పోయి బర్నర్ దగ్గర 250 రెట్లు విచ్చుకుంటే ఆ మంట మీ పిల్లవాడి ముఖం మీదికి వస్తుంది. ఇవాళే ఆ పని మాన్పించండి. సరైన దారి, రెండు 19 కిలోల బండలను ఒకే లైనుకు కలిపించుకోవడం. ఒక్కో బండ మీద భారం సగమవుతుంది, మంచు పట్టడం బాగా తగ్గుతుంది. మీ డీలర్ దగ్గర ఆ అమరిక చేసేవాళ్లు ఉంటారు. గోడ వారగా గాలి ఆడే చోట, భట్టీకి దూరంగా, నిలబెట్టే ఉంచాలి. ఎంత గ్యాస్ మిగిలిందో తెలియాలంటే తడిగుడ్డతో బండను పై నుంచి కిందికి ఒకసారి తుడిచి చూడండి. ద్రవం ఉన్న భాగం చల్లగా ఉండి తడి ఆలస్యంగా ఆరుతుంది, పై భాగం ముందే ఆరిపోతుంది. ఆ గీత దాకా గ్యాస్ ఉన్నట్టు.

బండ తీసుకునేటప్పుడు పైన పట్టుకునే రింగుకు కింద, పట్టీ లోపలి వైపున ఒక అక్షరం, ఒక అంకె ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే జూన్ వరకు, సి అంటే సెప్టెంబర్, డి అంటే డిసెంబర్. పక్కన ఉన్నది సంవత్సరం. ఆ గడువులోగా బండను మళ్లీ పరీక్షించాలి. గడువు దాటి ఉంటే తీసుకోకండి, మార్చి ఇమ్మని అడిగే హక్కు మీకుంది.

ఏది ఎక్కువ ప్రమాదం అని అడిగారు. నన్నడిగితే, ఇంట్లో మనిషికి ఎల్పీజీయే ముందు జాగ్రత్త పడాల్సినది. కారణం బరువు. మీథేన్ గాలిలో సగం కంటే కొంచెం ఎక్కువ బరువు, అంతే. లీకైతే పైకి పోతుంది, వెంటిలేటర్ ఉంటే బయటికి పోతుంది. అందుకే పెద్దోడి వంటింట్లో పైకప్పు దగ్గర గాలి బయటికి పోయే దారి ఉండాలి, ఫాల్స్ సీలింగ్ చేయించొద్దని చెప్పండి. ఎల్పీజీ గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. లీకైతే నేల మీద పాలు ఒలికినట్టు పరుచుకుంటుంది. మంచం కిందికి, గడప దాటి పక్క గదిలోకి, మోరీలోకి పాకుతుంది. గాలిలో 2 శాతం ఉన్నా నిప్పు తగిలితే అంటుకుంటుంది. మీథేన్ అయితే 5 శాతం కావాలి. వెల్డింగ్ షాపులో ఉండే అసిటిలీన్ ఈ రెండింటికంటే ఎక్కువ భయపెట్టేదే, కానీ అది మన వంటింట్లోకి రాదు కాబట్టి వదిలేస్తున్నాను.

పది అడుగుల వంటగది మొత్తం అంటుకునే మిశ్రమం కావడానికి కిలో పైచిలుకు ఎల్పీజీ చాలు. అది నేలబారుగా ఉంటుంది కాబట్టి అడుగుభాగం నిండటానికి అంత కూడా అక్కర్లేదు. 1997 సెప్టెంబరు 14న విశాఖపట్నం రిఫైనరీలో ఎల్పీజీ లీకై, తెల్లవారాక ఆ మేఘం అంటుకుని దాదాపు 60 మంది చనిపోయారు. మర్నాడు పేపరు చదివి చేతులు వణికాయి.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. నల్లగొండలో అద్దెకు ఉండే రోజులు. ఆ సాయంత్రం కొత్త బండ వచ్చింది. తెచ్చిన మనిషి తొందరలో వాల్వులోని రబ్బరు రింగు చూడకుండానే రెగ్యులేటర్ బిగించి పోయాడు. రాత్రి పది దాటింది. నేను నిలబడి పేపర్లు దిద్దుకుంటున్నాను, నా భార్య గిన్నెలు సర్దుతోంది. మా ఇద్దరికీ ఏ వాసనా తెలియలేదు. పక్క గదిలో చాప మీద పడుకున్న మా అమ్మ లేచి కూర్చుని, ‘ఎక్కడో ఎల్లిగడ్డ కుళ్లింది రా’ అంది. నేను ముందు పట్టించుకోలేదు. రెండోసారి అన్నప్పుడు చాప దగ్గర వంగి చూశాను. వంగితే గుప్పున కొట్టింది. నిలబడితే లేదు. గ్యాస్ మోకాళ్ల ఎత్తులో, గడప మీంచి మా అమ్మ తలగడ దాకా వచ్చి ఉంది. చదువు నాకు చెప్పినదంతా ఆ చాప మీద కళ్ల ముందు కనిపించింది. లైటు స్విచ్ ముట్టుకోకుండా రెగ్యులేటర్ తిప్పి తీశాం, మూత బిగించాం, రెండు తలుపులూ బార్లా తెరిచి అందరం వాకిట్లో కూర్చున్నాం.

ఆ కుళ్లిన వాసన గ్యాస్‌ది కాదు. ప్రొపేన్‌కూ బ్యూటేన్‌కూ మీథేన్‌కూ సొంత వాసన లేదు. 1937 మార్చి 18న అమెరికాలో టెక్సాస్‌లోని న్యూ లండన్ అనే ఊళ్లో వాసన లేని సహజవాయువు బడి కింద నిండి పేలి దాదాపు 300 మంది పిల్లలు, టీచర్లు చనిపోయారు. ఆ తర్వాత వాసన కలపడం తప్పనిసరి అయింది. మన బండల్లో కలిపేది మెర్కాప్టాన్ అనే పదార్థం, చిటికెడంత ఉన్నా ముక్కు పట్టేస్తుంది. జలుబు చేసిన రోజు మాత్రం దాన్ని నమ్ముకోవద్దు.

వాసన వస్తే లైటు వేయడం, తీయడం రెండూ తప్పే, ఫ్యాను కూడా. రెగ్యులేటర్ ఆపండి, తలుపులు తీయండి, బయటికి వెళ్లి 1906 నంబరుకు ఫోన్ చేయండి, దేశమంతా ఎల్పీజీ లీకు ఫిర్యాదులకు ఆ నంబరే. బండ మార్చిన ప్రతిసారీ వాల్వు దగ్గర, పైపు రెండు కొసల దగ్గర సబ్బునురగ రాసి చూడండి, బుడగ లేస్తే లీకు. అగ్గిపుల్లతో చూడకండి. నారింజ రంగు పైపును ఐదేళ్లకోసారి మార్చాలి, మధ్యలో పగిలినట్టు కనిపిస్తే ఆ రోజే.

ఇక మిగిలింది మీ వంటింటి కన్నం. పైన కిటికీ ఉంది కదా అన్నారు. ఆ కిటికీ మీ పెద్దోడి గ్యాస్‌కు పనికొస్తుంది, మీ బండ గ్యాస్ దాని దాకా ఎక్కదు. అది బయటికి పోవడానికి మీ ఇంట్లో ఉన్న దారి ఆ నేల మీది కన్నమే. ఆ పిండి డబ్బా ఇవాళ తీసేయండి. పందికొక్కుల భయం ఉంటే మేస్త్రీని పిలిచి ఇనుప జాలీ పెట్టించి సిమెంటు పూయించండి, జాలీ ముందు మళ్లీ ఏ డబ్బా, ఏ బస్తా రాకుండా చూసుకోండి.